ఆటలో మిగలని పిల్లల లెక్క

2025 ఫిబ్రవరిలో పుల్లెల గోపీచంద్ ఒక ఇంటర్వ్యూలో అన్న మాట చాలామంది తల్లిదండ్రులకు మింగుడు పడలేదు. ఆస్తిపాస్తులైనా, ఇంట్లో సొంత వ్యాపారమైనా లేకపోతే పిల్లల్ని ఆటల్లోకి దింపవద్దని ఆయన అన్నారు. ఆట మొదలుపెట్టినవాళ్లలో దాన్నే బతుకుదెరువు చేసుకోగలిగేవాళ్లు నూటికి ఒకరు కూడా ఉండరని, మరి మిగతావాళ్ల సంగతేమిటని ఆయన బాధ. ఈ మాట ఆటలంటే గిట్టని ఏ బంధువో అని ఉంటే పట్టించుకోనక్కర్లేదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, 2008లో గచ్చిబౌలిలో అకాడమీ తెరిచి, సైనా నెహ్వాల్‌నీ పీవీ సింధునీ ఒలింపిక్ పతకాల దాకా నడిపించిన మనిషి అన్నారు.

గోపీచంద్ తన గురించి చెప్పుకునే కథ కూడా ఈ చర్చకు పనికొస్తుంది. అన్నదమ్ములిద్దరూ షటిల్ ఆడేవారు. సోదరుడు ఐఐటీ ప్రవేశ పరీక్ష గట్టెక్కి చదువులోకి వెళ్లిపోయారు. తాను ఇంజనీరింగ్ పరీక్ష తప్పి ఆటలో ఉండిపోయారు. ఆ పరీక్ష ఆయన పాసై ఉంటే మనకు ఒక ఆల్ ఇంగ్లండ్ విజేత, ఆయన వెంట వచ్చిన ఒక తరం బ్యాడ్మింటన్ ఉండేవి కావు. చదువులో రాణించినవాడు ఆట వదలాలి, ఆటలో రాణించినవాడు చదువు వదలాలి అన్న కట్టడి అప్పుడెంత గట్టిగా ఉందో ఇప్పుడూ దాదాపు అంతే గట్టిగా ఉంది. మూడు దశాబ్దాల్లో మనకు అకాడమీలు వచ్చాయి, విదేశీ కోచ్‌లు వచ్చారు, పతకాలు వచ్చాయి. బడికీ మైదానానికీ మధ్య మాత్రం దారి పడలేదు.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మనం విజేతల జీవితాలు తెరుస్తాం. గుకేశ్‌ను చూడండి, నాలుగో తరగతి తర్వాత రోజూ బడికి వెళ్లడం మానేశాడు, 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో 18 ఏళ్లకే చదరంగంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు అంటాం. ఎదుటివాళ్లు వెంటనే సింధును చూపిస్తారు. సికింద్రాబాద్‌లో బడి, మెహదీపట్నంలో సెయింట్ ఆన్స్ కాలేజీ, ఆ తర్వాత ఎంబీఏ. రియోలో రజతం, టోక్యోలో కాంస్యం, 2019లో ప్రపంచ టైటిల్. చదువు వదిలినవాళ్లూ గెలిచారు, వదలనివాళ్లూ గెలిచారు. కాబట్టి ఈ ఉదాహరణలతో ఏదీ తేలదు. గెలిచినవాళ్లను వెనక్కి తిరిగి చూసి, వాళ్లు చేసిందల్లా గెలుపుకు కారణమని అనుకోవడం మనకున్న పెద్ద పొరపాటు. గుకేశ్ లాగే నాలుగో తరగతిలోనో ఆరో తరగతిలోనో బడి మానేసి, రేటింగ్ 2200 దగ్గర ఆగిపోయిన పిల్లలు ఎందరో మనకు తెలియదు. వాళ్లను లెక్కపెట్టినవాళ్లు లేరు.

గెలిచిన కథల్లో ఇంకొక సంగతి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లల చదువు గురించి మాట్లాడే మనం, వాళ్ల వెనక పెద్దలు వదిలేసుకున్న ఉద్యోగాల గురించి పెద్దగా మాట్లాడం. కోనేరు అశోక్ లెక్చరర్ ఉద్యోగం మానుకుని కూతురు హంపికి చదరంగంలో పూర్తికాలం కోచ్ అయ్యారు. హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. గుకేశ్ వెంట టోర్నమెంట్లు తిరగడానికి చెవి, ముక్కు, గొంతు వైద్యుడైన తండ్రి ప్రాక్టీసు పక్కన పెట్టారు. ఇల్లు తల్లి జీతం మీద నడిచింది. విశాఖలో నితీశ్ కుమార్ రెడ్డి తండ్రి హిందుస్థాన్ జింక్‌లో పనిచేసేవారు. ఉదయ్‌పూర్‌కు బదిలీ అయితే కొడుకు క్రికెట్ ఆగిపోతుందని ఉద్యోగమే వదులుకున్నారు. భద్రాచలంలో గొంగడి త్రిష తండ్రి ఉద్యోగం వదిలి, కూతురి క్రికెట్ కోసం కుటుంబంతో హైదరాబాద్ తరలివచ్చారు. ఈ త్యాగాలకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ ఒక దేశపు క్రీడా విధానం తండ్రుల రాజీనామాల మీద నిలబడకూడదు. రాజీనామా చేయడానికి ఉద్యోగమే లేని ఇంట్లో పుట్టిన పిల్ల ఎక్కడికి పోవాలి? గోపీచంద్ మాటలో పదునంతా ఇక్కడే ఉంది.

రోజుకున్న గంటలను ఒకసారి లెక్కేద్దాం. ఎనిమిదో తరగతి చదువుతూ అకాడమీలో రెండు పూటలా ఆడే పిల్లవాడు నాలుగున్నరకు లేస్తాడు. ఐదున్నర నుంచి ఏడున్నర దాకా కోర్టులో ఉంటాడు. తొమ్మిదికి బడి, నాలుగుకు విడిచిపెడతారు. ఐదు నుంచి ఏడున్నర దాకా మళ్లీ ప్రాక్టీసు. ఇంటికి చేరి, తిని, హోంవర్క్ ముందు కూర్చునేసరికి తొమ్మిది. పదిన్నరకు పడుకుంటే ఆరు గంటల నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. అమెరికాలో 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఎనిమిది గంటలకంటే తక్కువ నిద్రపోయే బడి వయసు క్రీడాకారులకు గాయాలయ్యే అవకాశం 1.7 రెట్లు ఎక్కువని తేలింది. అధ్యయనం చిన్నదే గానీ, ఏ కోచ్‌ను అడిగినా అనుభవం మీద ఇదే చెబుతారు. ప్రయాణం ఉంటే లెక్క మరింత బిగుసుకుంటుంది. సింధు చిన్నప్పుడు అకాడమీకి వచ్చి వెళ్లడానికి రోజూ 56 కిలోమీటర్లు తిరిగేదని పత్రికలు రాశాయి. ఆమెను తెల్లవారుజామున తీసుకెళ్లడానికి ఆసియా క్రీడల్లో వాలీబాల్ పతకం గెలిచిన తండ్రి ఉన్నారు. ఆడపిల్లను చీకటితో లేపి బస్సెక్కించే ధైర్యం అందరు తల్లిదండ్రులకూ ఉండదు, ఉండాలని అడగనూ కూడదు.

ఈ రోజువారీ పట్టికలో మొదట నిద్ర తెగుతుంది. తర్వాత హోంవర్క్, ఆ తర్వాత ఉదయం మొదటి పీరియడ్, చివరికి బడి మొత్తం పోతుంది. చాలా ఇళ్లలో బడి మానిపించాలని ఎవరూ కూర్చుని నిర్ణయించరు. ఒక్కో గంటా జారిపోతూ వచ్చి, ఒకనాడు చూసుకుంటే పిల్లవాడు బడిలో పేరుగా మాత్రమే మిగులుతాడు.

తెలుగు నేలమీద ఈ ప్రశ్న ఇంటర్మీడియట్ దగ్గర గొంతుకు అడ్డం పడుతుంది. ఇతర రాష్ట్రాల్లోనూ పోటీ పరీక్షలున్నాయి గానీ, పదో తరగతి అయిన వేసవిలోనే పిల్లల్ని రెసిడెన్షియల్ కాలేజీకి అప్పగించి, తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి స్టడీ అవర్ ముగిసేదాకా ఈఏపీసెట్, జేఈఈ, నీట్ తప్ప మరో మాట వినిపించకుండా రెండేళ్లు గడపడం మనం పెంచి పోషించిన పద్ధతి. ఆ భవనాల్లో చాలావాటికి ఆటస్థలమే లేదు. కొన్ని బడుల్లో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది. ఇక ఆట క్యాలెండర్ చూడండి. బ్యాడ్మింటన్‌లో అండర్-17, అండర్-19, అథ్లెటిక్స్‌లో అండర్-18, అండర్-20, క్రికెట్‌లో అండర్-19. జిల్లా ఆటగాడు జాతీయ ఆటగాడయ్యేదీ, ఎంపిక సంఘాల కంట్లో పడేదీ ఈ వయసులోనే. 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నప్పుడు త్రిషకు 17 ఏళ్లు. తోటి పిల్లలు ఇంట్లోనో హాస్టల్లోనో ప్రీ-ఫైనల్స్‌కు చదువుకుంటున్న నెల అది. రెండు నిచ్చెనలూ నిట్టనిలువుగా లేచే రెండేళ్లు ఒకటే అయిపోయాయి. ఏదో ఒకటే ఎక్కమని పిల్లలకు చెబుతున్నాం. పదో తరగతి దాకా రాష్ట్ర స్థాయిలో ఆడి, ఇంటర్‌లో చేరగానే రాకెట్టు అటక మీద పెట్టేసిన పిల్లలు ప్రతి వీధిలో ఉంటారు.

మరి నిబంధనలు ఏం సాయం చేస్తున్నాయి? కొంత చేస్తున్నాయి. సీబీఎస్ఈలో బోర్డు పరీక్షకు 75 శాతం హాజరు కావాలి. జాతీయ స్థాయి పోటీల్లో పాల్గొన్నవారికి అందులో కొంత సడలింపు ఉంది. గుర్తింపు ఉన్న జాతీయ, అంతర్జాతీయ పోటీ తేదీల్లోనే పరీక్ష పడితే, తర్వాత ప్రత్యేకంగా పరీక్ష పెడుతోంది కూడా. మంచి ఏర్పాటే. కానీ ఇది పైమెట్టు మీదికి చేరినవాళ్లకు దొరికే వెసులుబాటు. ఆ మెట్టు ఎక్కడానికి పిల్లవాడు మూడు నాలుగేళ్లు జిల్లా మీట్‌లు, రాష్ట్ర ర్యాంకింగ్ టోర్నమెంట్లు తిరగాలి. అప్పుడు పోయిన తరగతులకు లెక్క లేదు, దయతలచే ప్రిన్సిపాల్ దొరికితే దొరికినట్టు. సాయం అవసరమైన వయసులో దొరకకుండా, అవసరం తగ్గాక అందుతోంది.

ఆ ఖాళీలోనే డమ్మీ అడ్మిషన్ పుట్టింది. పేరొక బడిలో, పిల్లవాడు మరో చోట. ఐఐటీ కోచింగ్ కోసం కనిపెట్టిన ఈ ఉపాయాన్ని ఆటల కుటుంబాలూ వాడుకుంటున్నాయి. డమ్మీ విద్యార్థులున్నారని 2024లో సీబీఎస్ఈ కొన్ని పాఠశాలల గుర్తింపును రద్దు చేసింది. రద్దు చేయడం సరే, ఆటగాడైన పిల్లవాడికి నిజాయతీగా చదువుకునే ఇంకో దారి చూపించకపోతే ఆ కుటుంబం మరో డమ్మీ బడి వెతుక్కుంటుంది.

ఉన్న దారుల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఓపెన్ స్కూలు. జాతీయ స్థాయిలో ఎన్ఐఓఎస్, మన రెండు రాష్ట్రాల్లో వాటి సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి. ఎన్ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండితే పదో తరగతికి నమోదు కావచ్చు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. ఒక్కో సబ్జెక్టు ఒక్కోసారి రాసుకుంటూ ఐదేళ్లలో ముగించవచ్చు. సిద్ధమైనప్పుడు రాసుకునే ఆన్-డిమాండ్ పరీక్ష కూడా ఉంది. ఆటగాడి జీవితానికి కొలతలు తీసి కుట్టినట్టున్న ఈ ఏర్పాటును మనవాళ్లు 'ఓపెన్ టెన్త్' అని చిన్నచూపు చూస్తారు, చదువు రానివాళ్ల కోసమన్నట్టు. ఆ చూపు మారాలి. అదే సమయంలో ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. ఓపెన్ స్కూలు పరీక్షను సులువు చేస్తుంది, పాఠాన్ని కాదు. చెప్పేవాళ్లు లేకుండా, పుస్తకాల మూట చేతికిచ్చి, రెండు పూటల ప్రాక్టీసు తర్వాత గణితం తనంతట తాను నేర్చుకోమంటే పద్నాలుగేళ్ల పిల్లవాడు నేర్చుకోడు. పరీక్ష ముందు వారం గైడు చదివి గట్టెక్కుతాడు. సర్టిఫికెట్ చేతికొస్తుంది, చదువు రాదు. అకాడమీలో ఫిజియో గది, జిమ్ ఉన్నట్టే మధ్యాహ్నం రెండు గంటలు పాఠం చెప్పే ఇద్దరు ముగ్గురు టీచర్లు ఉంటే ఓపెన్ స్కూలు నిజమైన బడి అవుతుంది.

చదరంగం సంగతి కొంత వేరు. 2022 మేలో ప్రజ్ఞానంద ఆన్‌లైన్ టోర్నమెంటు సెమీఫైనల్లో అనీశ్ గిరిని ఓడించేసరికి అర్ధరాత్రి దాటి రెండైంది. పొద్దున ఎనిమిది ముప్పావుకు బడిలో పదకొండో తరగతి పరీక్ష. ఆడాడు, రాశాడు. కానీ కుర్చీలో కూర్చుని ఆడే ఆటకు సాధ్యమైంది పరుగుకు, కుస్తీకి, ఈతకు సాధ్యం కాదు. అలసిన ఒళ్లు పుస్తకం పట్టదు. అందుకే చదరంగం నుంచి తెచ్చిన పాఠాలను అన్ని ఆటలకూ అంటగట్టడం నాకు నచ్చదు.

అసలు పదేళ్లకే బడి మానేసేంత తొందర ఆటకు అవసరమా? దీనిమీద గత పదేళ్లలో మంచి పరిశోధన జరిగింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2015లో నిపుణులతో కలిసి చెప్పిన మాట, 2016లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పిన మాట ఇంచుమించు ఒకటే: చిన్న వయసులో ఒకే ఆటకు కట్టేయకండి. చాలా ఆటల్లో 15, 16 ఏళ్ల దాకా ఆగడమే మేలని ఆ వైద్యుల సలహా. వారానికి ఎన్ని గంటల సాధన అన్నదానికి క్రీడా వైద్యులు చెప్పే మోటు కొలత ఒకటుంది. పిల్లవాడి వయసు ఎన్నేళ్లో అన్ని గంటలు దాటకూడదు. మన అకాడమీల్లో పన్నెండేళ్ల పిల్లలు వారానికి పాతిక ముప్పై గంటలు ఆడటం కొత్త కాదు. 2021లో జర్మన్ పరిశోధకుడు ఆర్నె గ్యులిఖ్ బృందం వేల మంది క్రీడాకారుల సమాచారాన్ని కలిపి చూసింది. ప్రపంచ స్థాయికి చేరినవాళ్లు, జాతీయ స్థాయిలో ఆగినవాళ్లకంటే చిన్నప్పుడు ఎక్కువ రకాల ఆటలు ఆడారు. ప్రధాన ఆటలోకి ఆలస్యంగా వచ్చారు, మొదట్లో నెమ్మదిగా ఎదిగారు. తొందరపడినవాళ్లు అండర్-13లో ముందుంటారు, పెద్దయ్యాక వెనకబడతారు. జిమ్నాస్టిక్స్ వంటి కొన్ని ఆటలకు ఈ మాట పూర్తిగా అతకదు. చదరంగానికి అసలు వర్తించకపోవచ్చు. షటిల్‌కు, క్రికెట్‌కు, పరుగుకు మాత్రం తల్లిదండ్రులు దీన్ని గోడమీద రాసుకోవాలి.

నార్వేలో పిల్లల క్రీడలకు దేశమంతటికీ ఒకే నియమావళి ఉంది. పదకొండేళ్ల దాకా ఫలితాల పట్టికలు, ర్యాంకులు ఉండవు. పదమూడేళ్లకు ముందు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు లేవు. హైదరాబాద్ అంత జనాభా కూడా లేని ఆ దేశం 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలతో అగ్రస్థానంలో నిలిచింది. మన దగ్గర పదేళ్ల పిల్లకు రాష్ట్ర ర్యాంకు ఉంటుంది, ఆ ర్యాంకు కోసం వయసు తగ్గించి రాయించే తండ్రులూ ఉంటారు. ఆ అబద్ధానికి సరిపడేలా పిల్లను ఒకటి రెండు తరగతులు వెనక్కి వేయడమూ జరుగుతోంది. ఆటకోసం చదువును నేరుగా బలిపెట్టడం ఇదే.

జర్మనీలో కొన్ని క్రీడా పాఠశాలల్లో చివరి రెండేళ్ల చదువును మూడేళ్లకు సాగదీసుకోవచ్చు. ఇంగ్లండు ఫుట్‌బాల్ అకాడమీల్లో 16 నుంచి 18 ఏళ్ల కుర్రాళ్ల వారంలో చదువు గంటలు భాగంగా ఉంటాయి. అమెరికాలో కాలేజీ జట్టులో ఆడాలంటే హైస్కూల్లో నిర్ణీత పాఠ్యాంశాలు, మార్కులు ఉండి తీరాలి. అక్కడి తెలుగు కుటుంబాలకు ఇది బాగా తెలిసిన సంగతే. కాలేజీ క్రీడాకారుల్లో ప్రొఫెషనల్ అయ్యేవాళ్లు నూటికి ఇద్దరు కూడా ఉండరని ఆ పోటీలు నడిపే సంఘమే బహిరంగంగా చెబుతుంది. ఆ నిజాయతీ నాకు నచ్చింది. ఆ పద్ధతిలో లోపాలు చాలా ఉన్నాయి గానీ, పిల్లవాడికి ముందే లెక్క చెబుతారు.

మన దగ్గర ఏమీ లేదని కాదు. హకీంపేటలో, కడపలో ప్రభుత్వ స్పోర్ట్స్ స్కూళ్లున్నాయి. హకీంపేటలో నాలుగో తరగతి పిల్లల్ని పరుగు, దూకడం, బంతి విసరడం వంటి పరీక్షలతో ఎంపిక చేసుకుంటారు. తిండి, బస, చదువు, ఆట ఒకే ఆవరణలో. ఆలోచనగా ఇదే సరైనది. ప్రయాణం లేదు, బడి గంటలను ఆటకు అనువుగా మార్చుకోవచ్చు, తండ్రి ఉద్యోగం మానక్కర్లేదు. గురుకులాల నుంచి వచ్చిన అగసర నందిని 2023 ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం తెచ్చింది. విశాఖలో సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజీని గుర్తించింది పోర్టు హైస్కూల్ పీఈటీ. అక్కడి నుంచి హైదరాబాద్‌లో సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) హాస్టల్లో నాగపురి రమేశ్ దగ్గర చేరి, 2023లో, మళ్లీ 2025లో వంద మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది. వరంగల్ జిల్లా కల్లెడలో కూలీల బిడ్డ జీవాంజి దీప్తి కూడా బడిలో పరుగెత్తుతూ కంటబడిన పిల్లే. పారిస్ పారాలింపిక్స్ కాంస్యం దాకా వెళ్లింది. ఈ ముగ్గురి కథల్లో బడి అడ్డంకి కాదు, బడే తొలి మెట్టు. పీఈటీ పోస్టు ఖాళీగా ఉంచిన ప్రతి ఊరి బడిలో ఇలాంటి ఒక పిల్ల మనకు తెలియకుండానే పదో తరగతి దాటిపోతోంది. ప్రైవేటు అకాడమీలకు ఇచ్చే రాయితీల గురించి మాట్లాడే ముందు ఆ పోస్టులు నింపాలి.

చివరికి నాకు తోచిన తీర్పు ఇది. పదో తరగతి దాకా బడి మానిపించడానికి, చదరంగంలాంటి అరుదైన సందర్భాల్లో తప్ప, ఆట అవసరాల్లో గట్టి కారణం లేదు. ఉన్నది మన తొందర. ఇంటర్ రెండేళ్లు మాత్రం నిజమైన చిక్కు, దాన్ని పిల్లవాడి మీద వదిలేయకూడదు. రాష్ట్ర స్థాయిలో ఆడుతున్న పిల్లలకు ఇంటర్‌ను మూడు నాలుగేళ్లకు సాగదీసుకునే హక్కు రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ ఇవ్వాలి. ఫెయిలైనట్టు, గ్యాప్ వచ్చినట్టు ఎక్కడా రాయకూడదు. ఐఐటీ మద్రాసు 2024-25 నుంచి ఒక్కో డిగ్రీ కోర్సులో క్రీడాకారులకు రెండు అదనపు సీట్లు, అందులో ఒకటి అమ్మాయిలకు కేటాయించింది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత మాత్రం తప్పనిసరి. చదువు ప్రమాణం తగ్గించకుండానే తలుపు తెరవవచ్చని అది చూపించింది. మన రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు కూడా ఆ పని చేయవచ్చు.

పిల్లల్ని అకాడమీలో చేర్చబోతున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. గోడమీద పతకాల ఫొటోలు చూపించినప్పుడు చూడండి, సంతోషించండి. తర్వాత ఈ ప్రశ్నలు అడగండి. గత పదేళ్లలో ఇక్కడ ఎంతమంది చేరారు? మధ్యలో ఎంతమంది వెళ్లిపోయారు? మోకాలు దెబ్బతిన్నవాళ్లు, ఎంపిక కానివాళ్లు ఇప్పుడు ఏం చదువుతున్నారు, ఏం చేస్తున్నారు? గెలిచినవాళ్ల పేర్లు ప్రతి అకాడమీ దగ్గరా ఉంటాయి. వెళ్లిపోయినవాళ్ల వివరాలు కూడా రాసిపెట్టుకున్న అకాడమీ మీ బిడ్డ భవిష్యత్తు గురించి ఆలోచించినట్టు. ఆ జవాబు రాని చోటికి మీ అబ్బాయినో అమ్మాయినో సాయంత్రం రెండు గంటలు పంపండి, బడి నుంచి టీసీ మాత్రం తీసుకోకండి.